డెబ్బై ఎనిమిది మార్కులు

నా కూతురికి ఆ డెబ్బై ఎనిమిది మార్కులు వేసింది నేనే. కిట్టనివాళ్ళెవరో కాదు, బడివాళ్ళూ కాదు, కన్నతల్లిని నేనే. మధ్యాహ్నం తిండి వేళ, దూది పీచు అంటుకున్న వేళ్ళతో ఒక్కో గడిలో టిక్కు పెట్టి, చివర సంతకం చేసి, కాగితం నలగకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి మరీ పంపాను. ఆ పూటంతా నా సంబరం చూడాలి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుడిచేతిని నరుక్కోవాలనిపిస్తుంది.

నేను మరమగ్గాల షెడ్డులో పని చేస్తాను. రేకుల కప్పు కింద యాభై రెండు మగ్గాలు, అందులో ఆరు నావి. అన్నీ కలిసి ఆడుతుంటే వచ్చే మోత ఎలా ఉంటుందంటే చెప్పడం నా వల్ల కాదు. పదహారేళ్ళలో అది నా ఎడమ చెవిని పూర్తిగా మింగేసింది, కుడి చెవిని సగం మిగిల్చింది. నేను గుసగుసగా ఏదైనా చెప్పానంటే వీధి చివర కుక్క లేచి నిలబడుతుంది. ఇంట్లోనైనా, బజారులోనైనా, ఆస్పత్రిలోనైనా నాది అదే గొంతు. దెబ్బలాటకి వచ్చిందనుకుంటారు జనం. నా గొంతే అంత, ఏం చేయను?

షెడ్డులో మాట వినబడదు, కనబడుతుంది. అవతలివాళ్ళ పెదాలు చూసి తెలుసుకుంటాం. కళ్ళలోకి చూస్తే ఏం తెలుస్తుంది, నా మొహం? మనిషిని పిలవాలంటే భుజం మీద చరుస్తాం. ఒక దెబ్బంటే ఇటు చూడమని, రెండంటే రమ్మని. మెత్తగా తాకితే మగ్గం అదురనుకుని ఎవరూ తిరగరు, అందుకని గట్టిగానే చరుస్తాం. ఇందులో కోపమూ లేదు, తాపమూ లేదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మా షెడ్డుకి సొంత ఇంజను, కరెంటు పోవడమన్న మాటే లేదు. తలుపు పక్క గోడకి ఎర్ర పిడి ఒకటుంటుంది. అది కిందికి లాగితేనే మగ్గాలన్నీ ఒక్కసారి ఆగుతాయి. సరదాకి దాని మీద చెయ్యి వేసేవాళ్ళెవరూ లేరు. ఆగాయంటే ఎవరి చెయ్యో చిక్కుకుందని, లేదా నిప్పు రాజుకుందని అర్థం. అందుకే మాకు మోతంటే భయం లేదు, నిశ్శబ్దమంటే పై ప్రాణాలు పైనే పోతాయి. మోత ఆగిందా, పక్కనున్నవాళ్ళ మణికట్టు పట్టుకుని తలుపు వైపు పరుగెత్తాలి. ఏమిటి, ఎందుకు అని ఆగి అడగకూడదు.

నా కూతురు పెరిగింది ఈ మోతలో. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న దారపు చుట్టని కండె అంటారు. పుట్టినప్పుడు ఇది ఆ కండె అంతే ఉందని నా పక్క మగ్గాలు చూసే మా పెద్దక్క అదే పేరు పెట్టి పిలిచింది, అదే నిలిచిపోయింది. దాని నాన్న అది నా కడుపులో ఉండగానే ఇంకో ఊరి షెడ్డుకి వెళ్ళాడు. రెండు నెలల్లో వస్తానన్నాడు, ఇంకా ఆ రెండు నెలలు కాలేదు పాపం. రెండో నెల నుంచీ కండెని దారపు బుట్టలో పడుకోబెట్టి నా మగ్గాలు నేను చూసుకున్నాను. ఇప్పుడు దానికి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. ఇంట్లో చూసేవాళ్ళు లేరు కాబట్టి బడి విడిచాక నేరుగా షెడ్డుకే వస్తుంది, మూలనున్న ఖాళీ బుట్ట బోర్లించుకుని దాని మీద కూర్చుని లెక్కలు చేసుకుంటుంది. దాని జన్మలో ఎర్ర పిడి మూడుసార్లు కిందికి దిగింది. మొదటిసారి నేను దాన్ని ఎత్తుకుని పరుగెత్తాను. రెండోసారి, పెద్దక్క రెండు వేళ్ళు మగ్గానికి ఇచ్చేసుకున్న రోజున, నాకు నేల అదురు ఆగిందని తెలిసేలోపే ఒక చిన్న చెయ్యి నా మణికట్టు పట్టుకుని లాగింది. మూడోసారీ అంతే. నాకు వినబడదని దానికి తెలుసు, అందుకని నన్ను లాగే బాధ్యత తనదే అనుకుంది.

ఈ పిల్లని నేను బడికి పంపింది మగ్గం దగ్గరికి రాకుండా ఉండాలని. నాకు ఉన్నది ఆ ఒక్క కోరిక. దాని చెవులు దానికి ఉండాలి, దాని వేళ్ళు పదీ దానికి ఉండాలి. అంతకు మించి నేనేమీ అడగలేదు.

బడిలో గొడవ ఒక పరీక్ష రోజున వచ్చింది. పెద్ద మేడమ్ తరగతిలోకి అడుగుపెట్టగానే పిల్లలందరూ గప్‌చుప్ అయ్యారట. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి పైన ఫ్యాన్లు కూడా ఆగిపోయాయట. యాభై మంది పిల్లలున్న గదిలో చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. ఇంకేముంది, కండె పక్కనున్న పిల్ల మణికట్టు పట్టుకుని ఒక్క ఉదుటున బయటికి లాక్కుపోయింది. మెట్ల దగ్గర ఆ పిల్ల పడిపోయి ముందు పన్ను సగం విరిగింది. నేను వెళ్ళి ఆ తల్లి కాళ్ళావేళ్ళా పడ్డాను. పన్ను విరిగిన పిల్ల మాత్రం, "అది నన్ను కొట్టలేదు ఆంటీ, లాగింది" అంది. ఆ మాట ఎవరూ రాసుకోలేదు. పెద్ద మేడమ్ "సరేలెండి, చూద్దాం" అంది. గండం గడిచిందనుకున్నాను.

రెండు వారాలకి కండె ఒక కవరు తెచ్చింది. లోపల ముప్పై ప్రశ్నల కాగితం. పైన చిన్న ఉత్తరం, 'మీ పాపకు తగిన చోటు కల్పించేందుకు' అని మొదలవుతుంది. తగిన చోటంటే నేనేమనుకున్నాను? వేరే సెక్షనులో తెలివైన పిల్లల్ని కూర్చోబెడతారు కదా, అక్కడికనుకున్నాను. ఒక్కో ప్రశ్నకీ నాలుగు గడులు: అసలు లేదంటే సున్నా, ఎప్పుడైనా అంటే ఒకటి, చాలాసార్లంటే రెండు, రోజూ అంటే మూడు. చివర మొత్తం మార్కులు వేసే డబ్బా. పరీక్షంటే మాకు తెలిసింది అంతే కదా, ఎన్ని ఎక్కువ వస్తే అంత గొప్ప.

ఆ కాగితం షెడ్డుకే తీసుకెళ్ళాను. నేను మధ్యలో బడి మానేసినదాన్ని, పెద్ద పెద్ద మాటలు పెద్దక్క చదివితేనే నాకు ధైర్యం. తిండి డబ్బాలు పక్కన పెట్టి వెనక గోడ నీడలో కూర్చున్నాం.

"'పిల్ల ఇతరులను కొడుతుందా?'" అని చదివింది పెద్దక్క.

"కొట్టకేం! మాట రాకముందే నా భుజం చరిచి పాలు అడిగింది. మూడు పెడుతున్నా."

"'గట్టిగా అరుస్తుందా?'"

"ఈ చెవులకే వినబడుతుందంటే చూసుకో. మూడు."

"'ఎదుటివారి కళ్ళలోకి చూడకుండా మాట్లాడుతుందా?'"

"పెదాలు చదవడంలో నన్ను మించిపోయింది పెద్దక్కా. దానికి నాలుగు లేదా?"

"మూడే ఉంది, సర్దుకో. 'చిన్న మార్పుకే ఉలిక్కిపడుతుందా?'"

"పోగు తెగితే నాకన్నా ముందు దానికే తెలుస్తుంది. మూడు."

"'అనుమతి లేకుండా చోటు వదిలి పరుగెత్తుతుందా?'"

"అనుమతి అడుగుతూ కూర్చుంటే కాలి బూడిదవదూ? మూడు!"

"'వస్తువులు దొంగిలిస్తుందా?'"

"రాసినవాడిని నోరు కడుక్కోమను!"

దొంగతనం, అబద్ధాలు, మూగజీవాల్ని ఏడిపించడం, వస్తువులు తగలబెట్టడం, ఈ నాలుగింటికి సున్నాలు పెట్టాను. మిగిలిన ఇరవై ఆరింటికీ మూడేసి. ఒక్కో టిక్కు పెడుతుంటే నా పెంపకానికి ఎవరో భుజం తట్టినట్టుంది. తొంభైకి డెబ్బై ఎనిమిది! పెద్దక్క షెడ్డంతా తిరిగి అందరికీ చెప్పింది. ఎనిమిది చూపించడానికి తన రెండు చేతులూ విప్పితే చాలు, వేళ్ళు ఖచ్చితంగా అన్నే ఉన్నాయి. "నా వేళ్ళు దీనికోసమే తెగాయే పిల్లా" అని తనే పడీపడీ నవ్వింది.

నాలుగో రోజున బడి నుంచి పిలుపు వచ్చింది. తలగుడ్డ తీసి, జుట్టులోని పీచు దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వెళ్ళాను. ఆటసామాన్ల గదిలో సగం ఖాళీ చేసి బల్ల వేశారు. గోడకి నవ్వే మొహం, ఏడ్చే మొహం, కోపం మొహం బొమ్మలు. బల్ల వెనక పిల్లల తీరు పరిశీలించే కౌన్సిలర్ మేడమ్, చిన్న వయసు, అలిసిపోయిన మొహం. నాలుగు బడులు ఆవిడొక్కతే చూస్తుందట. పక్కన మా కండె క్లాసు టీచరమ్మ తల వంచుకుని ఉంది. నేనింకా నవ్వుతూనే కూర్చున్నాను.

కౌన్సిలర్ మేడమ్ కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. పెదాలు కనబడలేదు. వాన చినుకుల్లాంటి గొంతు, నాకొక్క ముక్క అందితే ఒట్టు.

"కాగితం కిందికి దించండి మేడమ్, నాకు వినబడదు!" అన్నాను.

ఆవిడ కుర్చీ వెనక్కి జరిపింది. జరిపి ఏదో రాసుకుంది. రాసుకున్నదేమిటో నాకు తర్వాత తెలిసింది, తల్లి కూడా దురుసుగా ప్రవర్తించిందని.

క్లాసు టీచరమ్మే లేచి నా కుడి చెవి దగ్గరికి వచ్చింది. "అమ్మా, ఇవి ఎక్కువ వస్తే మంచిది కాదు. నలభై ఐదు దాటితే పిల్లకి ఇబ్బంది ఉందని. నేను యాభై రెండు వేశాను. అదే ఎక్కువేమోనని బాధపడుతున్నాను. మీరు డెబ్బై ఎనిమిది వేశారు."

నాకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ టిక్కులు చెరిపేస్తానని కాగితం కోసం చెయ్యి చాచాను. "తల్లే ఇంత చెప్పాక మేమేం చేయగలం?" అంది కౌన్సిలర్ మేడమ్, ఈసారి కాస్త గట్టిగా. కండెని ఊరి అవతల ఉన్న ప్రత్యేక బడికి మారుస్తారట. పొద్దున్నే ఆరింటికి బస్సు వస్తుందట. అదీ దానికి తగిన చోటు.

ఆ బడి సంగతి నాకు తెలుసు. మా షెడ్డు మెకానిక్ కూతురు ఏడేళ్ళప్పుడు వెళ్ళింది, ఇప్పుడు పద్నాలుగు. కుదురుగా కూర్చుని కవర్లు అంటించడం బాగా నేర్పారు. బస్సు మీద బోర్డు చదవడం రాదు. అక్కడికి వెళ్ళిన పిల్ల మళ్ళీ మామూలు బడికి రావడం మా వీధిలో ఎవరూ చూడలేదు. అక్కడి నుంచి దారి ఎక్కడికో నాకు తెలుసు, నేరుగా మా షెడ్డు తలుపు దగ్గరికే.

నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. కొట్టడం కాదు మేడమ్, అది పిలవడం. పారిపోవడం కాదు, పక్కపిల్లని కాపాడుకోవడం. నేనే నేర్పాను, నన్నడగండి. కావాలంటే ఒక్కపూట షెడ్డుకి రండి, ఒక్క అరగంట నిలబడండి, మీరూ భుజం చరిచే పిలుస్తారు.

"దానికి ఇందులో గడి లేదమ్మా" అంది ఆవిడ. కాగితం తిప్పి చూపించింది కూడా పాపం. 'ఇంటి వాతావరణం' అని ఒక్క వరస ఉంది. ప్రశాంతం, లేదా గొడవ. గొడవ దగ్గర అప్పటికే ఆవిడ పెట్టిన టిక్కు ఉంది. "ఈ ఫారం అందరు పిల్లలకీ ఒకటే. అందరికీ ఒకటే అయితేనే కదా న్యాయం?"

"మేడమ్, వెడల్పు మగ్గానికీ ఇరుకు మగ్గానికీ ఒకటే కొలత పడుగు పోగులు ఎక్కిస్తే రెండింటిలోనూ తెగుతాయి. అది న్యాయమా?" అని అరిచాను. అరవకూడదనుకుంటూనే అరిచాను. ఆవిడ కలం మళ్ళీ కదిలింది.

అప్పుడు క్లాసు టీచరమ్మ అడ్డుపడింది. ఆ తల్లి కడుపు చల్లగా ఉండాలి, మూడు వారాలు గడువు ఇప్పించింది. పదిహేను బడి రోజులు కౌన్సిలర్ మేడమ్ వచ్చినప్పుడల్లా తరగతి వెనక కూర్చుని చూస్తుంది, ఆఖరి రోజున కొత్తగా మార్కులు వేస్తుంది. నలభై ఐదు లోపు వస్తే కండె ఉంటుంది. లేకపోతే బస్సు.

ఇంటికి వెళ్ళే దారిలో కండె అడిగింది, "మనం ఫస్టేనా అమ్మా?" అని.

ముందు తెలివిగానే మొదలుపెట్టాను. బడిలో ఒకలా, షెడ్డులో ఒకలా ఉండాలని చెప్పాను. బడిలో ఎవరినీ ముట్టుకోకు, షెడ్డులో ముట్టుకో. బడిలో కళ్ళు చూడు, షెడ్డులో పెదాలు చూడు. ఎనిమిదేళ్ళ పిల్ల, ఎంతని గుర్తుపెట్టుకుంటుంది? మొదటి వారంలోనే రెండుసార్లు పరుగెత్తింది, ఒకసారి కౌన్సిలర్ మేడమ్ కళ్ళెదుటే. నాకు పిచ్చెక్కినంత పనైంది. ఇక పది రోజులే ఉన్నాయి. అందుకని రెండు పద్ధతులు మానేసి ఒకటే చేశాను. ఇల్లైనా, బడైనా, షెడ్డైనా, ఎక్కడైనా సరే, ముట్టుకోకూడదు, అరవకూడదు, పెదాలు చూడకూడదు, ఎంత నిశ్శబ్దమైనా చేతులు కట్టుకుని కదలకుండా కూర్చోవాలి. షెడ్డులో ఎవరి భుజమైనా చరిచిందో, నా చేతిలో దెబ్బ తప్పదు.

రోజూ సాయంత్రం పని దిగి ఇంటికి వెళ్ళగానే అదే చదువు. రేడియో గట్టిగా పెట్టేదాన్ని, ఫ్యాన్ వేసేదాన్ని, గిన్నెలు మోగించేదాన్ని. అది లెక్కలు చేసుకుంటుంటే ఉన్నట్టుండి అన్నీ ఆపేసేదాన్ని. మొదటి రోజు ఏడుసార్లు ఆపితే ఏడుసార్లూ లేచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఏడుసార్లూ ఆ చేతి మీద కొట్టాను. చెక్క గరిటెతో కొట్టాను. ఎందుకు దాచాలి, కొట్టాను.

రెండో రోజు చేతి వెనక ఎర్రగా కమిలి ఉంది. అది నా మొహం చూసి చాలా మెల్లగా ఏదో అంది. పెదాలు చూసి తెలుసుకున్నాను. "మరి నువ్వెలా వస్తావమ్మా? నీకు వినబడదుగా?"

"నా సంగతి నేను చూసుకుంటాను. నువ్వు కదలకు."

"మూలనున్న బుట్ట దగ్గర నుంచి వచ్చి నిన్ను..."

"కదలకు అన్నానా!"

పెద్దక్కకి తెలిసి నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు భుజం మీద విరుచుకుపడినట్టు చరిచి, "పిల్లని పెంచుతున్నావా, బొమ్మని చేస్తున్నావా?" అంది పెదాలతో.

"బస్సెక్కిస్తారు పెద్దక్కా, నీకేం తెలుసు!" అన్నాను.

"నాకు తెలియదులే. నాకు తెలిసిందల్లా, నా వేళ్ళు పోయిన రోజు నిన్ను లాగుతున్న దాని చెయ్యి చూసే నేనూ బయటికి నడిచాను. స్పృహ తప్పుతున్నదాన్ని." అలా అని తన మగ్గాల దగ్గరికి వెళ్ళిపోయింది.

నేను వినలేదు. వినే స్థితిలో లేను. పొద్దున లేస్తే ఆరింటి బస్సే నా కళ్ళ ముందు నిలబడేది. ఎనిమిదో రోజున ఏడుసార్లలో ఒక్కసారి లేచింది. పదో రోజున అసలు లేవలేదు. ఫ్యాన్ ఆగింది, రేడియో ఆగింది, అది చేతులు కట్టుకుని నా కళ్ళలోకి చూస్తూ రెప్ప వేయకుండా కూర్చుంది. ముద్దు పెట్టుకున్నాను. అది బదులు పెట్టలేదు. ముట్టుకోకూడదు కదా.

ఆఖరి రోజున బడికి వెళితే క్లాసు టీచరమ్మ గుమ్మంలోనే కలిసింది. "చాలా కుదురుగా ఉందమ్మా" అంది. ఇంకా ఏదో చెప్పాలని ఆగింది. "మాట్లాడటం కూడా మానేసింది. పన్ను విరిగిన పిల్ల వచ్చి పిలిచినా పలకడం లేదు." నేను ఆ మాట పట్టించుకోలేదు, లోపల బల్ల మీదున్న కాగితం మీదే నా ప్రాణమంతా.

కౌన్సిలర్ మేడమ్ మొదటిసారి నన్ను చూసి నవ్వింది. కాగితం పక్కన పెట్టి, నా కళ్ళకి ఎదురుగా తన పెదాలు పెట్టి మరీ చెప్పింది. "ముప్పై ఒకటి. చాలా మెరుగు. మీరు ఇంట్లో బాగా శ్రద్ధ పెట్టారు." ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేశాను. ఆవిడ చెడ్డది కాదు. నాతోపాటు ఆవిడ కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి. ఆ కాగితం నకలు ఒకటి ఇచ్చింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దాచుకున్నాను. షెడ్డులో అందరికీ చూపించాను, పెద్దక్కకి తప్ప.

ఆరు రోజులు హాయిగా నిద్రపోయాను.

ఏడో రోజు సాయంత్రం నాలుగున్నర అయి ఉంటుంది. కండె బడి నుంచి వచ్చి మూలన బోర్లించిన బుట్ట మీద కూర్చుంది. నేను అవతలి చివర నాలుగో మగ్గంలో తెగిన పోగు ముడి వేస్తున్నాను. అరికాళ్ళ కింద నేల అదరడం ఆగిపోయింది. ఒక్క క్షణం నా ఎడమ చెయ్యి దానంతటదే పక్కకి చాచుకుంది. అలవాటు. చిన్న చెయ్యి వచ్చి పట్టుకుంటుందని చాచాను. రాలేదు. ఎవరో మణికట్టు పట్టుకుని లాగారు, చూస్తే మూడు వేళ్ళ చెయ్యి, పెద్దక్కది. పై కప్పుకి పట్టిన దూదికి ఎక్కడో మోటారు దగ్గర నిప్పురవ్వ అంటుకుంది. పొగ కిందికి దిగుతోంది. కండె ముందే బయటికి వెళ్ళి ఉంటుంది, ఎప్పుడూ అదే కదా ముందు, అనుకుంటూ పరుగెత్తాను.

బయట వాకిట్లో అందరూ ఉన్నారు. దగ్గుతున్నారు, ఒకరినొకరు తడుముకుంటున్నారు. మేస్త్రి తలలు లెక్కపెడుతున్నాడు. కండె లేదు.

లేదు. నీళ్ళ తొట్టి వెనక లేదు, గేటు దగ్గర లేదు. పెద్దక్క మొహం చూశాను. ఆవిడ షెడ్డు తలుపు వైపు చూస్తోంది.

తిరిగి తలుపు దగ్గరికి పరుగెత్తాను. పొగలోంచి మూల కనబడుతూనే ఉంది. బుట్ట మీద కూర్చుని ఉంది నా కూతురు. వీపు నిటారుగా. చేతులు కట్టుకుని. దగ్గు వస్తుంటే పెదాలు బిగించి లోపలే దగ్గుకుంటోంది. నన్ను చూసింది. నేను నోరంతా తెరిచి రా, రా, లేచి రా అన్నాను. గొంతులో పొగ నిండి ధ్వని బయటికి రాలేదు. పెదాలు చూస్తే చాలు, దానికి తెలిసిపోతుంది. అది నా పెదాలు చూడలేదు. నేర్పినట్టే, నా కళ్ళలోకి చూసింది. చూసి ఇంకాస్త నిటారుగా కూర్చుంది.

ఎవరో వెనక నుంచి పట్టుకున్నారు, విదిలించుకుని లోపలికి వెళ్ళాను. మగ్గాల మధ్య ఎలా నడిచానో తెలియదు. దాన్ని చంకలో వేసుకుని బయటికి వచ్చి పడ్డాను. లోపల మగవాళ్ళు ఇసుకా నీళ్ళూ చల్లి మంట ఆపారట, నాలుగు మగ్గాలే కాలాయట. అవన్నీ తర్వాత విన్న మాటలు. నేను దాన్ని నేల మీద కూర్చోబెట్టి ఒళ్ళంతా తడిమాను. బతికే ఉంది. కనుబొమలు మాత్రం కొంచెం కమిలాయి, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఎందుకు రాలేదే? ఎందుకు పరుగెత్తలేదే?" అని దాన్ని పట్టుకుని ఊపాను.

అది దగ్గి, ఊపిరి తీసుకుని, బడిలో మాట్లాడే చిన్న గొంతుతో చెప్పింది. నేను పెదాలు చూస్తున్నాను కాబట్టి ఒక్క అక్షరం పోలేదు.

"కదల్లేదమ్మా. దగ్గు వచ్చినా కదల్లేదు. ఎన్ని మార్కులు వేస్తావు?"

పెద్దక్క అటు తిరిగి తన మూడు వేళ్ళ చేత్తో మొహం కప్పుకుంది. నేను కండె చెయ్యి తీసి నా మణికట్టు మీద పెట్టాను. పట్టుకో, అన్నాను. గట్టిగా పట్టుకోవే తల్లీ, నీకు పుణ్యముంటుంది, లాగు నన్ను, అన్నాను. ఆ వేళ్ళు నా మణికట్టు మీద ఊరికే ఆని ఉన్నాయి, ముడుచుకోలేదు. కౌన్సిలర్ మేడమ్ ఎక్కడైనా కూర్చుని చూస్తోందేమోనని అది వాకిలంతా ఒకసారి చూసి, చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, మళ్ళీ చేతులు కట్టుకుంది.